పెట్టె మీది అంకెలు, తెర మీది ఆట: తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ మానిటర్

ఎనిమిది నెలలుగా నా బల్ల మీద 23.8 అంగుళాల, ఐపీఎస్ రకం తెర ఉన్న మానిటర్ ఒకటి ఉంది. దాని రిజల్యూషన్, అంటే తెర మీది చుక్కల (పిక్సెళ్ల) లెక్క, 1920 × 1080; రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో ఆ లెక్క, 180 హెర్ట్జ్. అంతకుముందు అదే చోట 27 అంగుళాల వంపు తెర ఒకటి పదకొండు రోజులు ఉండి, వచ్చిన పెట్టెలోనే తిరిగి వెళ్లిపోయింది. రెండూ ఇంచుమించు ఒకే ధరవి, రెండూ తక్కువ ఖర్చులో ఆడుకోవాలనుకునే వారి కోసం తయారైనవే. పెట్టెల మీద ముద్రించిన అంకెలు కూడా అక్కచెల్లెళ్లలా ఉన్నాయి: ఒక మిల్లీసెకను రెస్పాన్స్ టైమ్ (పిక్సెల్ రంగు మార్చుకోవడానికి పట్టే కాలం), మూడంకెల రిఫ్రెష్ రేటు, ఆట వేగానికి తగ్గట్టు తెర మారే అడాప్టివ్ సింక్, వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్. అయినా మొదట కొన్న వంపు తెర ముందు కూర్చుంటే అరగంటకే చికాకు పుట్టేది. తరువాత కొన్న ఐపీఎస్ తెర ముందు కూర్చుంటే ధ్యాస ఆట మీదే నిలుస్తుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే నాకు అర్థమైనది ఇది: ఈ ధరల్లో దొరికే మానిటర్ల పెట్టెల మీది అంకెలు విడివిడిగా చూస్తే నిజాలే, కానీ అన్నీ ఒకేసారి నిజం కావు. ఒక అంకె నిజమయ్యే సెట్టింగ్‌లో మరో అంకె చెల్లకుండా పోతుంది. మనం ఆడే తీరులో వాటిలో ఏవేవి కలిసి పనిచేస్తాయో తెలుసుకున్న తరువాతే డబ్బు చేయి దాటాలి.

మొదట కొన్న ఆ వంపు తెరది వీఏ అనే రకం ప్యానెల్ (బొమ్మను చూపించే పలక), 165 హెర్ట్జ్. దాన్ని నేను కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల మధ్య వెలుగు తేడా) కోసం ఎంచుకున్నాను. సాధారణ ఐపీఎస్ తెరల కాంట్రాస్ట్ 1000:1 దగ్గర ఉంటే, వీఏ తెరలది 3000:1 వరకు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. అంటే వెలుగు రెండింటిలో సమానంగా ఉన్నప్పుడు వీఏ తెర మీది నలుపు మూడింతలు చిక్కగా ఉంటుంది. దీపం ఆర్పిన గదిలో ఆడే అలవాటున్న నాకు అంతకంటే ఏం కావాలనిపించింది. మొదటి సాయంత్రం ఆ ఆశ నెరవేరింది కూడా. ఆటలో రాత్రివేళ ఒక వీధి, తడిసిన రోడ్డు, దూరంగా దీపాలు. కదలకుండా నిలబడి చూస్తే ఆ నలుపు నిజంగా నలుపే. పాత్రను పక్కకు తిప్పగానే అంతా మారిపోయింది. ముదురు బూడిద రంగు ఆకాశం మీదుగా దీపస్తంభం జరుగుతున్నప్పుడు దాని వెనక ఒక నల్లటి మరక, బొగ్గు గీతను తడి వేలితో రుద్దినట్టు, సాగుతూ వచ్చింది. ఆగితే స్తంభం మళ్లీ స్తంభమయ్యేది, కదిలితే మళ్లీ మరకే.

ఇది ఆ ఒక్క మానిటర్ లోపం మాత్రమే కాదు, ఆ రకం ప్యానెల్ స్వభావంలోనే ఉన్న బలహీనత. వీఏ ప్యానెల్‌లో లిక్విడ్ క్రిస్టల్ అణువులు నలుపును చూపించేటప్పుడు తెర తలానికి లంబంగా నిలబడి ఉంటాయి. ఆ స్థితి నుంచి కొద్దిగా వంగి ముదురు బూడిద రంగును చూపించాలంటే వాటి మీద పెట్టే వోల్టేజి చాలా స్వల్పంగా ఉంటుంది కనుక, అవి బరువెక్కినట్టు నెమ్మదిగా కదులుతాయి. నలుపు నుంచి తెలుపుకు చకచకా వెళ్లే ప్యానెల్ కూడా నలుపు నుంచి ముదురు బూడిదకు వెళ్లడానికి 20 మిల్లీసెకన్లకు పైగా తీసుకోవడం చవక వీఏ తెరల్లో అరుదేమీ కాదు. 165 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేము, అంటే ఒక్క బొమ్మ, తెర మీద ఉండేది 6 మిల్లీసెకన్ల సేపు. అంటే మూడు ఫ్రేములు వచ్చి వెళ్లినా మొదటి ఫ్రేము నీడ ఇంకా తుడుచుకుపోదు. దీపస్తంభం వెనక నేను చూసిన మరక ఆ నీడే.

సెట్టింగులతో బాగుపడుతుందేమోనని మెనూలోకి వెళ్లాను. దాదాపు ప్రతి గేమింగ్ మానిటర్‌లోనూ ఓవర్‌డ్రైవ్ అనే సదుపాయం ఒకటి ఉంటుంది. ఒక్కో సంస్థ దానికి ఒక్కో పేరు పెడుతుంది. పిక్సెల్ త్వరగా రంగు మార్చుకోవడానికి కావలసిన దానికంటే ఎక్కువ వోల్టేజిని క్షణకాలం పెట్టి తోయడమే దాని పని. ఆ వీఏ మానిటర్‌లో దానికి మూడు స్థాయిలు ఉన్నాయి. మధ్య స్థాయిలో మరక కొంచెం తగ్గింది. పై స్థాయిలో మరక దాదాపు పోయింది కానీ, దాని స్థానంలో ప్రతి వస్తువు వెనకా వెలిసిపోయిన తెల్లటి అంచు ఒకటి పుట్టుకొచ్చింది. తోసిన తోపుకు పిక్సెల్ చేరవలసిన రంగును దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తోందన్నమాట. దీన్ని ఓవర్‌షూట్ అంటారు. నా కంటికి అది మరక కంటే ఎక్కువ ఇబ్బంది. పెట్టె మీది ఒక మిల్లీసెకను సాధారణంగా ఈ పై స్థాయికి చెందిన అంకె. అదీ చాలాసార్లు అన్నింటికంటే వేగంగా జరిగే ఒకానొక రంగు మార్పును, దాని ప్రయాణంలో మొదటి పది శాతాన్నీ చివరి పది శాతాన్నీ వదిలేసి కొలిచినది. అబద్ధమని ఎవరూ అనలేరు, కానీ ఆ సెట్టింగ్‌లో ఎవరూ ఆడలేరు.

ఒక మిల్లీసెకనుకు ఇంకో అర్థం కూడా ఉంది, అది మరింత తికమకపెడుతుంది. గ్రే టు గ్రే అన్నది పిక్సెల్ రంగు మారడానికి పట్టే కాలం అయితే, ఎంపీఆర్‌టీ అన్నది కదిలే బొమ్మ మన కంటికి ఎంతసేపు కనిపిస్తుందన్న కొలత. ఆ రెండో కొలతను ఒక మిల్లీసెకనుకు దించాలంటే బ్యాక్‌లైట్‌ను (తెర వెనకనుండే దీపాన్ని) ప్రతి ఫ్రేముకూ ఒకసారి క్షణం పాటు వెలిగించి ఆర్పేయాలి. అలా చేస్తే కదలిక నిజంగానే పదునుగా కనిపిస్తుంది. అయితే వెలుగు బాగా తగ్గిపోతుంది, కొందరికి కళ్లు లాగుతాయి, చాలా మానిటర్లలో ఆ సదుపాయాన్ని ఆన్ చేయగానే అడాప్టివ్ సింక్ ఆగిపోతుంది. ఒకే పెట్టె మీద పక్కపక్కన ముద్రించిన రెండు గుణాలలో ఒకదాన్ని ఎంచుకుంటే రెండోదాన్ని వదులుకోవలసి రావడమంటే ఇదే.

అందువల్ల రెస్పాన్స్ టైమ్ విషయంలో తయారీదారు అంకెను నేను ఇప్పుడు లెక్కలోకే తీసుకోను. పరికరాలతో స్వయంగా కొలిచి ప్రచురించే సమీక్షకులు చూపించే పట్టికలో మూడు సంగతులు చూస్తాను: సగటు రెస్పాన్స్ ఎంత, ముదురు రంగుల మధ్య మార్పులకు పట్టిన కాలం ఎంత, ఆ కొలత తీసిన ఓవర్‌డ్రైవ్ స్థాయిలో ఓవర్‌షూట్ ఎంత. మూడోది లేకుండా మొదటిదాన్ని చెప్పే సమీక్ష సగం సమీక్షే. ఆ పట్టికలు చూసే రెండోసారి ఐపీఎస్ వైపు వచ్చాను. పగటి వెలుగులో సాగే ఆటలు, నిదానంగా నడిచే కథలు, వ్యూహాల ఆటలు ఇష్టపడేవారికి వీఏ తెర ఇప్పటికీ మంచి ఎంపికే. ఆ నలుపును నేను ఈ రోజుకీ తలచుకుంటాను. గురి చూసి కాల్చే ఆటలు, కార్ల పందేలు ప్రధానమైన వారికి మాత్రం చవక వీఏ సిఫారసు చేయలేను. టీఎన్ అనే మూడో రకం ప్యానెళ్లు వేగంగా పనిచేస్తాయి కానీ, కాస్త కిందినుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. వేగవంతమైన ఐపీఎస్ తెరలు అదే ధరకు వస్తున్న ఈ రోజుల్లో వాటిని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

ఇక రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ తెర ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లు పట్టి ఉంచుతుంది. 144 హెర్ట్జ్ తెరలో అది 6.9కి, 180లో 5.6కి, 240లో 4.2కి తగ్గుతుంది. ఈ వరుసను ఒక్కసారి పరికించి చూడండి. 60 నుంచి 144కు వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసి వస్తాయి. 144 నుంచి 180కి వెళ్తే ఒకటిన్నర కూడా రాదు. 180 నుంచి 240కి వెళ్లినా అంతే. కదిలే వస్తువును మన కన్ను వెంబడిస్తున్నప్పుడు తెర మాత్రం ఆ ఫ్రేమును ఒకేచోట నిలిపి ఉంచుతుంది కనుక కంటికి మసక కనిపిస్తుంది. పిక్సెళ్లు ఎంత వేగంగా మారినా ఈ మసక పోదు. సెకనుకు 960 పిక్సెళ్ల వేగంతో పోయే బొమ్మ 60 హెర్ట్జ్ తెర మీద 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతే, 144 మీద అది 7 పిక్సెళ్ల లోపు, 180 మీద 5 పిక్సెళ్ల పైచిలుకు. అందుకే పాత 60 హెర్ట్జ్ తెర మీద ఆడుతున్న వారికి మొదటి అడుగు ఎంతో విలువైనది. 144ను దాటాక, పెద్ద అంకె కోసం అదనంగా పెట్టే డబ్బును మెరుగైన ప్యానెల్ మీద పెట్టడమే లాభం. నా మానిటర్ 180 హెర్ట్జ్‌ది కావడం యాదృచ్ఛికం. అదే ప్యానెల్ 144తో వచ్చినా కొనేవాణ్ని.

కొన్నవారిలో ఎంతోమంది ఆ 144నూ వాడుకోరన్నది నన్ను బాధపెట్టే విషయం. మా తమ్ముడు తన కొత్త మానిటర్ గురించి "అన్నయ్యా, నాకైతే తేడా ఏమీ తెలియడం లేదు" అని నాలుగు నెలలు చెబుతూ వచ్చాడు. ఒకరోజు వెళ్లి విండోస్ డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి చూస్తే రిఫ్రెష్ రేటు దగ్గర 60 అని ఉంది. 144 ఎంచుకుని మౌస్‌ను కదిపి చూడమన్నాను. వాడు ఏమీ మాట్లాడలేదు, బాణం గుర్తును తెర మీద గుండ్రంగా తిప్పుతూ ఓ నిమిషం అలాగే కూర్చున్నాడు. విండోస్ చాలాసార్లు కొత్త మానిటర్‌ను 60 దగ్గరే మొదలుపెడుతుంది. దాన్ని మార్చే పని మనదే.

కేబుల్ దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. నా మానిటర్‌లో 180 హెర్ట్జ్ డిస్‌ప్లేపోర్ట్ ద్వారా మాత్రమే వస్తుంది, హెచ్‌డీఎంఐ ద్వారా 144 దగ్గరే ఆగుతుంది. ఈ సంగతి పెట్టె మీద లేదు, లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. హెచ్‌డీఎంఐ 2.1 అని ముద్రించి ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. ఆ ప్రమాణంలోని అధిక వేగాలు తప్పనిసరి కావు కనుక, 2.0 స్థాయి సామర్థ్యం మాత్రమే ఉన్న పోర్టును కూడా 2.1గా పిలవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అంకెను కాక, ఏ పోర్టులో ఏ రిజల్యూషన్‌కు ఎన్ని హెర్ట్జ్ అని వివరాల పట్టికలో చూసుకోవాలి. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వంటి కన్సోళ్లను కూడా కలుపుకునేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాటికి హెచ్‌డీఎంఐ ఒక్కటే దారి, పైగా అవి 120 హెర్ట్జ్‌ను మించవు. 1440 (2560 × 1440) రిజల్యూషన్‌ను ప్లేస్టేషన్ 5 అందుకున్నది 2022 వచ్చాకే.

మానిటర్‌ను గ్రాఫిక్స్ కార్డుతో (కంప్యూటర్‌లో ఆట బొమ్మలను గీసే భాగంతో) కలిపి ఆలోచించాలని అందరూ అంటారు. ఆ మాటను లెక్కలోకి దించి చూద్దాం. 1920 × 1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటే, 2560 × 1440 తెరలో 36,86,400 ఉంటాయి. ప్రతి ఫ్రేముకూ కార్డు చేయవలసిన పని 1.78 రెట్లు అవుతుంది. నా కార్డు పాతది. పోటీ ఆటల్లో అది సెకనుకు 150 ఫ్రేములకు తక్కువ కాకుండా ఇస్తుంది, బరువైన కథా ఆటల్లో 70 దగ్గర ఊగుతుంది. ఈ 70ని 1440 తెర మీదకు తీసుకెళ్తే దాదాపు 40 అవుతుంది. అందుకే నేను 1080 దగ్గరే ఆగాను, దానికి విచారం లేదు.

అయితే కొత్త తరం కార్డు ఉన్నవారికి లెక్క వేరు. ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్ పద్ధతులు క్వాలిటీ మోడ్‌లో 1440 తెరకు లోపల 960 గీతల చిత్రాన్నే తయారుచేసి, దాన్ని పెంచి చూపిస్తాయి. అంటే కార్డు గీసే పిక్సెళ్లు నేరుగా 1080లో గీసే వాటికంటే తక్కువే, పెంచే పనికి కొంత అదనపు భారం ఉన్నా. అదే పద్ధతిని 1080 తెర మీద వాడితే లోపలి చిత్రం 720 గీతలకు పడిపోతుంది, ఆకులు, కంచెలు, దూరపు తీగలు మెరమెరలాడతాయి. కాబట్టి కార్డులో ఈ సదుపాయం ఉండి, బడ్జెట్ ఒక మెట్టు పైకి సాగగలిగితే, 27 అంగుళాల 1440 ఐపీఎస్ తెరను నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఇదే సొమ్ముకు వచ్చే 60 హెర్ట్జ్ 4కే తెర వైపు మాత్రం చూడవద్దు. అందులో 82,94,400 పిక్సెళ్లు ఉంటాయి. ఆ భారాన్ని మోయగల కార్డు ఉన్నవారు ఈ ధరలో మానిటర్ వెతకరు.

పరిమాణం గురించి ఒక మాట. 27 అంగుళాల తెరను 1080 రిజల్యూషన్‌తో కొనవద్దు. నా మొదటి మానిటర్ అలాంటిదే. 23.8 అంగుళాల తెరలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.27 మిల్లీమీటర్లు, అదే రిజల్యూషన్‌ను 27 అంగుళాలకు సాగదీస్తే 0.31 అవుతుంది, 27 అంగుళాల 1440 తెరలో 0.23. వినడానికి చిన్న తేడాలే. కానీ చేతికందేంత దూరంలో కూర్చున్నప్పుడు 0.31 దగ్గర అక్షరాల అంచుల్లో మెట్లు కనిపిస్తాయి, ఆటలో దూరాన ఉన్న శత్రువు తల నాలుగైదు గళ్ల ముద్దగా మారుతుంది. పెద్ద తెర చూసి మురిసిపోయిన నేను రెండో రోజుకే కుర్చీని వెనక్కి జరుపుకున్నాను. వంపు విషయానికి వస్తే, ఈ పరిమాణాల్లో దానివల్ల మేలూ లేదు, కీడూ లేదు.

అడాప్టివ్ సింక్ ఈ ధరల్లో అన్నింటికంటే విలువైన సదుపాయమని నా అభిప్రాయం, ఎందుకంటే దాని అవసరం ఖరీదైన కార్డు ఉన్నవారికంటే మనకే ఎక్కువ. కార్డు ఫ్రేము ఇచ్చే వేళకూ తెర మారే వేళకూ పొత్తు కుదరనప్పుడు, తెర పైసగంలో ఒక ఫ్రేము, కిందిసగంలో మరో ఫ్రేము కనిపించి బొమ్మ చిరిగినట్టు ఉంటుంది. వీ-సింక్ అనే పాత పద్ధతితో ఆ చిరుగును ఆపితే ఆలస్యమూ కుదుపులూ పెరుగుతాయి. ఫ్రేము సిద్ధమయ్యేదాకా తెరనే ఆగమని చెప్పడం అడాప్టివ్ సింక్ పద్ధతి. ఎన్‌విడియా 2013లో ఇలాంటి పద్ధతినే జీ-సింక్ పేరుతో, ప్రత్యేక చిప్పుతో ప్రకటించినప్పుడు అది ఖరీదైన తెరలకే పరిమితం. 2014లో తెరల ప్రమాణాలు నిర్ణయించే వెసా సంస్థ అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చడం, ఏఎండీ ఫ్రీసింక్ పేరుతో దాన్ని చవక మానిటర్లకు తీసుకురావడం, 2019 జనవరిలో ఎన్‌విడియా కూడా తన కార్డులను ఆ మానిటర్లతో పనిచేయనివ్వడం జరిగాక, ఈ రెండు సంస్థల్లో ఎవరి కొత్త కార్డు ఉన్నా ఆ చవక మానిటర్లు కొనుక్కునే వీలు కలిగింది. తక్కువ బడ్జెట్ వారికి ఈ పదేళ్లలో జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

కానీ ఇక్కడా ఒక అంకె చూసుకోవాలి: అది పనిచేసే పరిధి. 48 నుంచి 75 హెర్ట్జ్ వరకే పనిచేసే తెర మీద ఆట 40 ఫ్రేములకు పడిపోతే సదుపాయం ఒక్కసారిగా తెగిపోతుంది, సరిగ్గా కావలసిన వేళకే. 48 నుంచి 180 వరకు పనిచేసే తెర మీద అదే 40 ఫ్రేములు వస్తే, ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి తెరను 80 హెర్ట్జ్ దగ్గర నడుపుతారు. చిరుగూ ఉండదు, తెగడమూ ఉండదు. గరిష్ఠ రేటు కనిష్ఠానికి కనీసం రెట్టింపు ఉంటేనే ఇది సాధ్యం. ఎక్కువ రిఫ్రెష్ రేటు వల్ల కలిగే ఈ లాభం అందరికీ అందుతుంది, 180 ఫ్రేములు ఎన్నడూ చూడని వారికి కూడా.

ఇక్కడే ఓవర్‌డ్రైవ్ మళ్లీ అడ్డం వస్తుంది. 180 దగ్గర చక్కగా కుదిరిన స్థాయి 70 ఫ్రేముల దగ్గర ఎక్కువై తెల్లటి అంచులు పుట్టిస్తుంది, ఎందుకంటే చవక మానిటర్లలో చాలావి రేటుకు తగినట్టు తోపును మార్చుకోవు. నా మానిటర్ మెనూలో నాలుగు స్థాయిలు ఉంటే, రెండో స్థాయి 70 నుంచి 180 వరకూ ఎక్కడా మరీ చెడగొట్టకుండా పనిచేస్తుంది. మూడోది పోటీ ఆటల్లో కొంచెం మెరుగు, బరువైన ఆటల్లో పనికిరాదు. రెండో దాని మీద ఉంచి ఇక ముట్టుకోలేదు. ఒకే స్థాయి అన్ని రేట్లకూ సరిపోవడం నా దృష్టిలో చవక మానిటర్‌కు ఉండవలసిన అతి ముఖ్యమైన గుణం; ఏ పెట్టె మీదా దాన్ని ముద్రించరు. మొదటి మానిటర్‌లో ఇది లేకపోవడమే కాక, ఫ్రేములు ఒక్కసారిగా పడిలేచే లోడింగ్ తెరల దగ్గర వెలుగు మిణుకుమిణుకుమనేది. అడాప్టివ్ సింక్‌తో వీఏ తెరలు ఎక్కువగా ఎదుర్కొనే ఇబ్బంది ఇది.

హెచ్‌డీఆర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఈ ధరల్లో దాని అర్థం, మానిటర్ ఆ సిగ్నల్‌ను తీసుకోగలదని మాత్రమే. వెసా 2017లో తెచ్చిన డిస్‌ప్లేహెచ్‌డీఆర్ ముద్రల్లో తొలి మెట్టైన 400కి కూడా బ్యాక్‌లైట్‌ను భాగాలుగా మసకబార్చే ఏర్పాటు అవసరం లేదు. తెర మొత్తం ఒకేసారి వెలుగుతుంది, ఒకేసారి ఆరుతుంది. నా మానిటర్‌లో ఆన్ చేసి చూస్తే రంగులు వెలిసిపోయాయి. ఆపేశాను. దీని కోసం ఒక్క పైసా ఎక్కువ పెట్టవద్దు.

నా మానిటర్‌లోని లోపాలూ చెప్పాలి. చీకటి గదిలో నల్లటి తెర చూస్తే కింది ఎడమ మూలలో పసుపు ఛాయ ఉన్న వెలుగు కనిపిస్తుంది. తల పక్కకు జరిపితే అది కూడా కదులుతుంది కనుక అది ఐపీఎస్ తెరల సహజమైన మెరుపే తప్ప బ్యాక్‌లైట్ కారడం కాదు. వీఏ నలుపుకు అలవాటుపడ్డ కంటికి ఇక్కడి నలుపు బూడిద రంగులాగే ఉంటుంది. గది మూలన చిన్న దీపం ఒకటి వెలిగించి ఉంచడం మొదలుపెట్టాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఎస్‌ఆర్‌జీబీ (ప్రామాణిక రంగుల) మోడ్‌లో రంగులు చక్కగా ఉంటాయి, కానీ ఆ మోడ్‌లో వెలుగును మార్చుకోనివ్వదు. ఇంత అర్థం లేని నిర్బంధం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియలేదు. స్టాండు ముందుకూ వెనక్కూ వంగుతుంది తప్ప ఎత్తు మారదు. తెర పైఅంచు నా కళ్ల కంటే బాగా కిందికి ఉండటంతో రెండు వారాలకే మెడ పట్టేసింది. వెనకవైపు 100 × 100 మిల్లీమీటర్ల వెసా రంధ్రాలు ఉన్నాయి కనుక తరువాత తెరను కావలసిన ఎత్తులో పట్టి ఉంచే ఆర్మ్ ఒకటి బిగించుకున్నాను. ఎత్తు మారని స్టాండున్న మానిటర్ కొనేటప్పుడు ఆర్మ్ ఖర్చును కూడా ధరలో కలిపి చూసుకోవాలి. ఆ రంధ్రాలు కూడా లేని మానిటర్‌ను పక్కన పెట్టేయాలి.

నేను మానిటర్ పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఈ ప్యానెళ్లు తయారుచేసేవి బీఓఈ, ఏయూఓ, ఇన్నోలక్స్, ఎల్‌జీ డిస్‌ప్లే వంటి కొద్ది సంస్థలే. మానిటర్ల మీద పేరు వేసుకునేవారు వాటిని కొని బిగిస్తారు. పేరు చివర ఒక్క అక్షరం మారితే లోపలి ప్యానెల్ వేరే కావచ్చు, ఏమీ మారకుండానే తరువాతి సంవత్సరం వేరే ప్యానెల్ రావచ్చు. నా దగ్గర బాగున్నదని మీరు అదే పేరు వెతుక్కుని కొంటే, మీకు నా మానిటరే వస్తుందని నేను హామీ ఇవ్వలేను. మోడల్ సంఖ్యను చివరి అక్షరం వరకు సరిచూసుకుని, ఆ సంఖ్యకే కొలతలు తీసిన సమీక్షను ఇటీవలి తేదీతో వెతకడం మేలు.

ఇంటికి వచ్చిన మొదటి రోజే కొన్ని పరీక్షలు చేయాలి. తెరనంతా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో ఒక్కొక్కసారి నింపి, ముక్కు తెరకు జానెడు దూరంలో పెట్టి చచ్చిన పిక్సెళ్ల కోసం వెతకాలి. ఒకటి రెండు ఉంటే వారంటీ కింద మార్చరని చాలా సంస్థల నిబంధనల్లోనే ఉంటుంది, కానీ తిప్పి పంపే వీలున్న గడువు లోపలైతే తిరిగి ఇచ్చేయవచ్చు. బ్రౌజర్‌లో నడిచే యూఎఫ్‌ఓ పరీక్షను తెరిచి, కదిలే ఎగిరే పళ్లేన్ని కళ్లతో వెంబడిస్తూ ఓవర్‌డ్రైవ్ స్థాయిలను ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. వెనక నల్లని తోక ఉందా, తెల్లని అంచు ఉందా అన్నది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. తరువాత మీరు రోజూ ఆడే ఆటనే, అందులో మీకు తెలిసిన చీకటి చోటే ఎంచుకుని, రోజూ ఆడే వేళకే, రోజూ ఉండే వెలుగులోనే ఆడి చూడాలి. నేను రెండో మానిటర్‌తో చేసిన మొదటి పని, అదే రాత్రి వీధికి వెళ్లి అదే దీపస్తంభం ముందు నిలబడి, పాత్రను పక్కకు తిప్పడం. ఆకాశం ముదురు బూడిద రంగులో, నేను కోరుకున్నంత చిక్కగా కాకపోయినా, ఉంది. స్తంభం దాని మీదుగా జరిగింది. వెనక మరకేమీ రాలేదు. ముప్పై రోజుల గడువు ముగిసేదాకా ఆ మానిటర్ పెట్టెనూ థర్మకోల్‌నూ మంచం కింద దాచి ఉంచి, ముప్పై ఒకటో రోజున తీసి బయట పడేశాను.